అయ్యోరింటి గ్యాస్ బాయిలరు

“నా కొంప ముంచింది లక్ష్మప్పే సార్. స్టవ్వుల అంగడి లక్ష్మప్ప. ఆ పేరు ముందు రాసుకోండి, తక్కింది ఆమైన సెప్తాను.”

వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి ఇంకిన మసి. చొక్కా మాత్రం ఉతికి, ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. కోర్టుకు పోయేటప్పుడు వేసుకునే చొక్కా అదొకటే అయ్యుంటుంది.

ఆదోని పత్తి మార్కెట్టు వెనక, ఒక కమీషను అంగడి మిద్దె మీద ఒంటిగది అది. ప్రైవేటు డిటెక్టివు జయరాం ఆఫీసు. పోలీసు ఉద్యోగంలో పదకొండేళ్ళు చేసి, పైవాళ్ళు రాయమన్నది రాయలేక బయటికి వచ్చిన మనిషి. అతని సహాయకుడు గోవిందు ఎమ్మిగనూరు సాలెవాడు. ముప్పై రెండేళ్ళ వయసులో మగ్గం దిగి, జయరాం వెంట చేరాడు. ఆయన ఏం మాట్లాడినా నోటుపుస్తకంలో రాసుకుంటాడు, టీ తెమ్మన్నా సరే.

“పేరు రాసినాం లేప్పా,” అన్నాడు జయరాం. “ఇప్పుడు నీ పేరు సెప్పు.”

“గిడ్డయ్య. ఊరు ఎమ్మిగనూరు. స్టవ్వులు, గ్యాసు పొయ్యిలు, బాయిలర్లు బాగు సేస్తాను.” మళ్ళీ తనే దిద్దుకున్నాడు. “సేస్తాంటిని.”

అతను చెప్పింది ఇదీ. ఆదోనిలో భీమసేనరావుగారని రిటైరయిన సంస్కృతం అయ్యవారున్నారు. మంత్రాలయంలో ఒక లాడ్జివాళ్ళు తీసేసిన గ్యాస్ బాయిలరును ఆరేళ్ళ కిందట ఆయన కొడుకు రంగనాథ తెచ్చి స్నానాల గదిలో పెట్టించాడు. ఈ శ్రావణమాసం ముందు దాన్ని చూడమని గిడ్డయ్యను పిలిచారు. అతను విప్పి చూసి, లోపల రేకును తుప్పు తినేసిందనీ, మసి విపరీతంగా కడుతోందనీ, మార్చక తప్పదనీ చెప్పాడు. కొత్తది ఎవరి చేత పెట్టించాలన్న దగ్గర తండ్రీకొడుకులకు పడలేదు. కొడుకు లక్ష్మప్ప అన్నాడు, తండ్రి గిడ్డయ్య అన్నాడు. చివరికి తండ్రి మాటే నెగ్గింది. రాఘవేంద్రస్వామి ఆరాధన అయ్యాక పని మొదలుపెట్టమన్నారు. అంతవరకు నడవడానికి గిడ్డయ్య పాతదాన్ని శుభ్రం చేసి ఇచ్చాడు.

ఆరాధన అయిన మూడోనాడు, గురువారం పొద్దున, ఆ గదిలో కోడలు పద్మాబాయి చచ్చిపోయింది. ఇరవై ఆరేళ్ళు.

“గ్యాసు లీకయిందన్నారు. ఆఖర్న సెయ్యి పెట్టింది నేనే కదా. పద్నాలుగు దినాలు సబ్‌జైల్లో పెట్టినారు. ఆదివారం బెయిలు మీద వచ్చినాను. లక్ష్మప్ప ఎస్సై దగ్గర కూసోని, గిడ్డయ్య పనంటే అంతేలే సార్ అన్నాడంట. ఇప్పుడు ఎవురూ నన్ను గడప తొక్కనీరు. ఆడమనిషిని సంపినోడు అంటాండారు. వచ్చే నెల వాయిదా. శిక్ష పడితే పడనీ, నా సేతి పని వల్ల ఆ తల్లి పోలేదని ఎవురన్నా ఒకరు సెప్పాల.”

“నీకు గెట్టిగా తెలుసునా, నీ పని వల్ల కాదని?”

గిడ్డయ్య తల దించుకున్నాడు. “అదే సార్. రేత్రీ పగలూ అదే. యాడన్నా ఒక మర సరిగ్గా బిగించలేదేమో అని ఆ బాయిలరును మనసులో విప్పుతాండా, బిగిస్తాండా.”

ఆ మాటకే జయరాం కేసు తీసుకున్నాడని గోవిందు తర్వాత చాలామందికి చెప్పాడు. తప్పు చేసినవాడు అలా చెప్పడు. ఏ తప్పూ చేయనివాళ్ళే అలా నలిగిపోతారు.

భీమసేనరావుగారి ఇల్లు కోటకు పోయే దావలో ఉంది. డిటెక్టివును లోపలికి రానిస్తారో లేదో అనుకున్నాడు గోవిందు. కానీ రంగనాథే తలుపు తీసి, పడసాలలో చాప వేశాడు. గడ్డం పెరిగి ఉంది. బడికి సెలవు పెట్టి ఇరవై రోజులయిందన్నాడు.

“అడగండి. నాకూ తెలియాల,” అన్నాడు. “లక్ష్మప్పకు ఇచ్చుంటే నా భార్య ఈ పొద్దు ఉండేది. మా నాయనకు తోలు భయం.”

“తోలు భయమేమిటి?”

“గ్యాసు సామాన్లలో, కుళాయిలో తోలు వాషర్లుంటాయి కదా. తోలు మీదుగా వచ్చిన నీళ్ళు మైల. లక్ష్మప్పను మా నాయన అడిగినాడు, మీ కొత్త బాయిలర్లో తోలుందా అని. వాడు నవ్వినాడు. గిడ్డయ్య నవ్వలేదు. ఆడనే కూసోని ఒక వాషరు తీసి, కత్తెరతో రెండు ముక్కలు చేసి, రబ్బరని చూపించినాడు. అంతే. మా ఇంట్లో మనుషుల్ని ఏరుకునేది అట్ల.”

అప్పుడే లోపలి గదిలోంచి భీమసేనరావుగారు వచ్చారు. గుమ్మం తగలకుండా తల వంచి రావలసినంత పొడుగు. డెబ్బై ఏళ్ళు. ఆ ఊళ్ళో ఆయన దగ్గర చదువుకోని పెద్దమనిషి లేడు. ఆయన అబద్ధమాడరని బజారులో కూరలమ్మేవాళ్ళకు కూడా తెలుసు. కోర్టులో గిడ్డయ్యకు వ్యతిరేకంగా ఉన్న బలమైన సాక్ష్యం ఆ పేరే. ఫిర్యాదు మీద సంతకం ఆయనది.

“గిడ్డయ్య పంపించినాడా?” అన్నారు. గొంతులో కోపం లేదు. “బాగున్నాడా వాడు?”

“లేడు,” అన్నాడు జయరాం.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఆ గురువారం ఏం జరిగిందో రంగనాథ చెప్పాడు. ఆరాధన మూడు రోజులూ, ఆ పైన రెండు రోజులూ అతను మంత్రాలయంలో సేవలో ఉన్నాడు. సోమవారం సాయంత్రం పద్మాబాయి బయట చేరింది. మూడు రోజులు వసారా గదిలో ఉండి, నాలుగోనాడు తలస్నానానికి గదిలోకి వెళ్ళింది. చలిగాలికి కిటికీ వేసుకుంది. అతను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గంట దాటినా ఆమె బయటికి రాలేదు. పిలిచి పిలిచి తలుపు పగలగొట్టాడు.

“గ్యాసు వాసన కొట్టిందా?”

“లేదు. బాయిలరు మండుతాంది. ముందు దాన్నే ఆర్పినాను. ఆమైన తనను ఎత్తినాను.” అతను చాప పోగు లాగుతూ అన్నాడు, “మొహం ఎర్రగా ఉంది. నిద్రపోతాన్నట్టు.”

“లీకయిన గ్యాసైతే వాసన వస్తాది. మంట పక్కనుంటే భగ్గుమంటాది కూడా. ఆ ముందు రోజుల్లో బాయిలరు ఎవరూ వాడలేదా?”

సమాధానం వంటింటి గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. భీమసేనరావుగారి భార్య కృష్ణాబాయి. పొట్టి మనిషి, ఇద్దరు మనుషుల ఏడుపు ఏడ్చిన కళ్ళు.

“ఎవురు వాడతారప్పా? ఆరాధన మూడు దినాలూ అందరం బావి నీళ్ళే. మడి స్నానానికి మేం ఎప్పుడూ బావి దగ్గరే. ఆ బాయిలరు నా కొడుకుకీ, కోడలికీ. ఆరాధన ముందు సున్నాలు కొట్టిన శుక్రవారం నుంచి దాన్ని ముట్టించిందే లేదు. పాడుది, దాని గొట్టంలోంచి మసి. ముట్టించకపోయినా, గాలి లేస్తే చాలు, ఆరేసిన మడిబట్టల మీదంతా నల్లనల్లగా. మధ్యారాధన దినం నేను రెండుతూర్లు చీర తడుపుకొని ఆరేసుకొంటిని. ఈయన మీద అరిస్తిని కూడా.”

“తలుపు పగలగొట్టినప్పుడు మీరంతా యాడున్నారమ్మా?”

“నేను దాని తల ఒళ్ళో పెట్టుకోనున్నా. ఈయన మొహాన నీళ్ళు సల్లేదానికని బావి దగ్గరికి ఉరికినాడు. పాపం, సేతులు ఆడలేదు. వట్టి సేతుల్తో వచ్చినాడు.”

భీమసేనరావుగారు కళ్ళు మూసుకున్నారు.

జయరాం పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. బావి, దండెం, స్నానాల గది వెనక గోడ. గోడలోంచి బాయిలరు పొగగొట్టం జానెడు బయటికి వచ్చి ఉంది. దాని మూతి జయరాం చేయెత్తినా అందలేదు. పైన చూరు నీడ. తెల్లటి సున్నపు గోడ మీద ఒక్క మరక లేదు.

“రాసుకో గోవిందూ,” అన్నాడు. “గోడ తెల్లగా ఉంది.”

“సున్నం కొట్టినారు కదన్నా, తెల్లగా ఉండక?”

“అదే. రాసుకో.”

ముక్కాలిపీట తెచ్చుకుని జయరాం గొట్టం మూతి చూశాడు. లోపల అడ్డేమీ లేదు. రేకు అంచు ఒకచోట చీలి ఉంది. ఆ చీలికలో పట్టుకుని ఒక పోగు, వెంట్రుకంత సన్నది, చిలకపచ్చ రంగు. చేతిరుమాల్లో మడిచి పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు వంటింటి గుమ్మం బయట ఆగాడు. లోపలికి అడుగు పెట్టకూడదని అతనికి తెలుసు. పొయ్యి పక్కన మేకుకు చిలకపచ్చ గుడ్డపీలిక ఒకటి వేలాడుతోంది.

“ఆ గుడ్డ దేనికమ్మా?”

“మడిలో కాలే గిన్నెలు దించేదానికి. నా పాత పట్టుచీర చింపుకున్నా. నూలుగుడ్డ ముట్టుకుంటే మడి పోతాది, పట్టుకు దోషం లేదు. రెండుండె. ఒకటి ఆరాధనలోనే యాడ పోయిందో, వెతికి వెతికి సాలయింది.”

మధ్యాహ్నం లక్ష్మప్ప అంగడికి వెళ్ళారు. లావుపాటి మనిషి. బల్ల మీద కొత్త స్టవ్వులు వరసగా పెట్టి, వాటి వెనక తానొక స్టవ్వులాగే కూర్చున్నాడు.

“నేను సెప్పిందేముంది సార్? ఎస్సై అడిగె, గిడ్డయ్య పని ఎట్లుంటాదని. అంతేలే సార్ అంటి. బాగుంటాది అని సెప్పేదానికి నాకేమన్నా అల్లుడా వాడు?”

“ఆరాధన రోజుల్లో నువ్వు యాడున్నావు?”

“హొళగుందలో, మా బామ్మర్ది ఇంట్లో. ఊరంతా సూసినారు. ఏం, నేను గోడ దూకి బాయిలరు పాడుసేస్తి అంటాడా? వాని మొహం! అయ్యోరు తోలుందా అంటే నవ్వితి, నోటికాడి పని పోయె. ఆ ఉక్రోషం ఉంది నాకు. లేదంటే అబద్ధం. దానికే ఆ మాట అంటి.” మెల్లగా అన్నాడు, “వాణ్ణి జైల్లో యేస్తారనుకోలే సార్.”

ఇలాంటి మనుషులు ఊరికి పదిమంది ఉంటారు. ఒక మాట అని ఊరుకుంటారు. ఆ మాట కింద ఎవడు పడి చచ్చాడో చూడరు. కానీ హొళగుందలో విచారిస్తే లక్ష్మప్ప చెప్పింది నిజమే. ఆ వారమంతా అతను ఆదోనిలో లేడు.

ఆఫీసులో జయరాం రుమాలు విప్పి, ఆ పోగును బల్ల మీద పెట్టాడు. “ఇది నీ విద్య గోవిందూ. ఏం పోగు?”

గోవిందు పోగు కొస తుంచి అగ్గిపుల్ల అంటించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూలయితే కాగితం కాలిన వాసన రావాలి. ఇది వెంట్రుక కాలిన వాసన వచ్చింది. మసి వేళ్ళ మధ్య పొడిపొడి అయింది.

“పట్టన్నా. అసలు పట్టు.” అతని ముఖం వెలిగింది. వెంటనే వెలవెలబోయింది. “అన్నా, మరి ఆ వంటింట్లో గుడ్డ…”

“రాసుకోవద్దులే,” అన్నాడు జయరాం.

మర్నాడు పొద్దున భీమసేనరావుగారి పెరట్లో అందరూ నిలబడ్డారు. తండ్రీకొడుకులు, కృష్ణాబాయి, లక్ష్మప్ప, ఎస్సై. దూరంగా, దండెం అవతల గిడ్డయ్య. అయ్యవారిని చూడగానే అలవాటుగా రెండు చేతులూ జోడించాడు. ఆయన బావివైపు చూస్తూ ఉండిపోయారు.

“కోర్టులో తేలేదానికి ఈడ పంచాయితీ ఎందుకు జయరాం?” అన్నాడు ఎస్సై.

“పది నిమిషాలు సార్. గిడ్డయ్యా, బాయిలరు ముట్టించు. గది తలుపు, కిటికీ తీసిపెట్టు. ఏమీ బాగు చేయొద్దు. ఆ పొద్దు ఎట్లుండెనో అట్లే.”

గిడ్డయ్య అగ్గిపుల్ల గీశాడు. లోపల మంట భుస్సుమని లేచింది. అందరూ గోడకేసి చూస్తున్నారు. గొట్టం మూతి మీద గాలి వేడికి వణికింది. అయిదో నిమిషానికి తెల్లటి సున్నం మీద బూడిదరంగు మరక లేచింది. పదో నిమిషానికి అది నల్లటి నాలుకలా మూరెడు పొడుగు సాగింది.

“ఆర్పెయ్,” అన్నాడు జయరాం. “పది నిమిషాలకు ఇంత మసి. ఆ గురువారం ఇది గంటకు పైగా మండింది. ఆర్పింది రంగనాథగారు. ఆ తర్వాత ఈ పొద్దుటిదాకా ఎవరూ ముట్టించలేదు. కానీ నిన్న నేను వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. అంటే ఆ గంటసేపు పొగ బయటికి రాలేదు. గదిలోకే పోయింది. ఆ విషప్పొగ కంటికి కనపడదు, వాసన రాదు. మనిషి నిద్రపోయినట్టు పోతాది, మొహం ఎర్రబడతాది. గ్యాసు లీకు కాలేదు. గిడ్డయ్య బిగించిన ఏ మరా వదులు కాలేదు. ఎవరో ఈ గొట్టం మూసినారు, ఆమె పోయినాక తీసేసినారు.”

గిడ్డయ్య ఉన్నచోటే గొంతుకూర్చున్నాడు. ఇన్నాళ్ళుగా మనసులో విప్పుతున్న బాయిలరు ఆ క్షణాన చేతిలోంచి దిగినట్టుంది.

“ఎవరు?” అన్నాడు రంగనాథ. “లక్ష్మప్పా?”

“అయ్యో నా తల్లీ, నేను హొళగుందలో…” అని లక్ష్మప్ప వెనక్కి జరిగాడు.

“అతను కాదు. మామూలు మనిషి గొట్టం మూయాలంటే చేతికందిన పాతగుడ్డ కుక్కుతాడు. ఈ పెరట్లో సున్నం కొట్టినవాళ్ళు వదిలేసిన గోనెపీలికలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని ముట్టకుండా, వంటింట్లోకి పోయి పట్టుగుడ్డ తెచ్చినారంటే, ఆ మనిషి మడిలో ఉన్నాడు. ఆరాధన రోజు. మడిబట్టల మీద మసి పడుతోంది. మడి చెడకుండా మసి ఆపాల. అంతే, చెడ్డ ఉద్దేశం ఒక్కటి కూడా లేదు. పోయిన ఆమెను తప్పిస్తే, ఈ ఇంట్లో ఆ పొద్దు మడిలో ఉండింది ఇద్దరు. అమ్మకు పీటేసుకున్నా గొట్టం అందదు. పైగా తాను దాచిన గుడ్డ కోసం ఇన్నాళ్ళూ వెతకదు. ఇంక ఒకరే. నీళ్ళకని పెరట్లోకి ఉరికి, వట్టి చేతులతో వచ్చిన మనిషి.”

కృష్ణాబాయి నెమ్మదిగా భర్త వైపు తిరిగింది.

“నీళ్ళకే పోయినాను,” అన్నారు భీమసేనరావుగారు. “నిజంగా నీళ్ళకే పోయినాను. చేంతాడు పట్టుకుని తలెత్తినాను. గొట్టంలో నేను కుక్కిన గుడ్డ కనపడింది. సాయంత్రం తీసేద్దామనుకుని మరిచిపోయినాను. నాలుగు దినాలు. ఆ పిల్ల గదిలోకి పోతాంటే నేను పూజలో ఉన్నాను. అది పాడే పాట వినపడింది. కాసేపటికి ఆగింది. స్నానం అయిందనుకున్నాను.”

“గుడ్డ ఏం చేసినావు?” అంది కృష్ణాబాయి.

“బావిలో వేసినాను.”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూతకం తీరినప్పటి నుంచీ ఆ నీళ్ళతోనే దేవుడికి అభిషేకం చేస్తున్నారు. ఆ నీళ్ళతోనే కోడలి పదోరోజు జరిగింది.

“ఎస్సై అడిగినాడు, చివర ఎవరు బాగు చేసినారని,” అన్నారాయన. “గిడ్డయ్య అన్నాను. అది అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఆ తర్వాత రాసి తెచ్చినారు. సంతకం పెట్టినాను. నేనేమీ చెప్పలేదు, సంతకమే కదా పెట్టింది అనుకున్నాను.”

“నాయనా,” అన్నాడు రంగనాథ. స్నానాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. గొళ్ళెం విరిగిపోయిన ఆ తలుపు మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటోంది.

గిడ్డయ్య లేచి దండెం ఇవతలికి వచ్చాడు. అయ్యవారిని తిడతాడేమోనని గోవిందు ముందుకు వేయబోయి ఆగాడు.

“సామీ,” అన్నాడు గిడ్డయ్య, “లక్ష్మప్ప నన్ను తొక్కినాడంటే అనుకుందును. వాడికీ నాకూ పోటీ. మీరు నన్ను ఏరుకున్నారు కదా. ఊళ్ళో ఇంతమంది ఉంటే, కొడుకును కాదని, నన్ను ఏరుకున్నారు. జైల్లో కూడా అదే తల్సుకుంటాంటి. అయ్యోరు నన్ను నమ్మినాడు, ఆయన నమ్మకానికి నేను కీడు సేస్తినే అని ఏడ్సినా.”

ఆయన రెండు చేతులూ జోడించారు. పైకెత్తలేక ఛాతీ దగ్గరే ఆపేశారు. ఎస్సై కాగితం తీశాడు. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. దండెం మీద ఆరేసిన మడిబట్టల్లోంచి ఒకటి జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

కేసు కొట్టేయడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. జడ్జి గిడ్డయ్య పేరు రెండు సార్లు తప్పుగా పలికి, మూడోసారి వదిలిపెట్టాడు. ఆ సాయంత్రం ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం జయరాం, గోవిందు, గిడ్డయ్య నిలబడ్డారు. గిడ్డయ్య భార్య అంజినమ్మ కూడా వచ్చింది. గోవిందు సంబరంగా ఉన్నాడు. ఇంక అంగడి తెరువు, నేనే వచ్చి మొదటి స్టవ్వు ఇస్తా అంటున్నాడు.

“మా ఫీజు సంగతి మరిచిపో,” అన్నాడు జయరాం. “అప్పుడు వకీలుకూ, బెయిలుకూ ఎట్ల చేసినారు?”

గిడ్డయ్య భార్య ముఖంలోకి చూశాడు. ఆమే చెప్పింది.

“ఈయప్ప లోపలున్నప్పుడు నేనే చేను కాయితం మీద ఏలిముద్ర ఏస్తి సార్. ఈయప్పకు సెప్పలే, సెప్తే వద్దంటాడని. కొన్నోళ్ళను మొన్న పోయి తిరిగి ఇమ్మని అడిగితి. అమ్మేదానికి కాదు కొనింది అన్నారు. ఆడ ఇప్పుడు వాళ్ళ శెనక్కాయ లేసింది.”

“ఎంత?”

“కాలవ కింద చేను. మా మామ నా పేరున రాసిచ్చింది, మాకుండింది అదే.” ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేదు. అంత బాగా గుర్తుంది. “ఎకరా డెబ్బై రెండు సెంట్లు.”